సవరలకు బడి పెట్టిన గిడుగు

బదిలీలు మనకు కొత్త కాదు. 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి నాన్నగారికీ చోడవరం బదిలీ అయింది. 1875లో విషజ్వరంతో అక్కడే పోయారు. కొడుకు విజయనగరంలో చదివి, 1879లో మెట్రిక్యులేషన్ గట్టెక్కి, మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడయ్యారు.

ఈ రోజుల్లో మన తెలుగు రాష్ట్రాల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే శిక్షణలో చేరాలంటే డీసెట్ రాసి ర్యాంకు తెచ్చుకోవాలి. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లోని సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పడం నేర్పే చోటు అప్పట్లో ఎక్కడుంది? గిడుగువారు తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని, ఆయనకే శిష్యుడయ్యారు. జంషెడ్‌పూర్‌లో మనం రోజూ వినే సంతాలీ, హో భాషలకు సవర చుట్టమే. మూడూ ముండా కుటుంబానివి.

తర్వాత ఆ భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చారు. మన్యపు జ్వరానికి క్వినైన్ మింగి మింగి చెవుడు వచ్చింది. విని భాష నేర్చుకునే మనిషికి అంతకంటే కష్టం ఏముంటుంది! మద్రాసు ప్రభుత్వం 1000 రూపాయల పారితోషికం ఇస్తే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని తిప్పి పంపారు. సవర నిఘంటువు 1938లో అచ్చయింది. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు.