దత్తమండలాల కలెక్టరు సర్ థామస్ మన్రో

పెనుకొండ చెంతనున్న ఎర్రమంచి నేడు కార్ల కర్మాగారం వల్ల ప్రసిద్ధి కెక్కింది. ఆ పరిసరాల నేలలను కొలిపించి, చేనుచేనుకూ శిస్తు నిర్ణయించే పద్ధతిని ఈ సీమలో నెలకొల్పినవాడు సర్ థామస్ మన్రో. భూమిని గురించిన నిర్ణయంలో రైతుకు ఎంత చోటు ఉండాలన్న ప్రశ్నకు ఆయన చరిత్ర ఒక సమాధానం, అది అసంపూర్ణమే అయినా.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. 1780లో కుంఫిణీ సైనికుడుగా మద్రాసు చేరి, హైదరలీ, టిప్పు సుల్తానులతో జరిగిన యుద్ధాలలో పాల్గొన్నాడు. పారసీ, హిందూస్తానీ భాషలను శ్రద్ధగా అభ్యసించాడు. మన ఉర్దూ విభాగపు మిత్రులకు ఇది ముచ్చట గొలిపే విషయమే. బారామహలులో అలెగ్జాండర్ రీడ్ వద్ద రెవెన్యూ పని నేర్చాడు.

1800లో నిజాం ఈ మండలాలను కుంఫిణీకి ధారాదత్తం చేయగా, మన్రో ప్రధాన కలెక్టరై అనంతపురంలో నివసించాడు. పాళెగాండ్రను అణచిన తీరు కఠినమైనది. అయితే మనకు ముఖ్యమైనది 1802లో ఆరంభమైన భూమి కొలత. 33 అడుగుల గొలుసుతో కొలిచేవారు. అట్టి 40 చదరపు గొలుసులు ఒక ఎకరం. కొలత ముగిసిన పొలాలలో మదింపుదారులు గ్రామపెద్దను, కరణాన్ని, రైతులను వెంటబెట్టుకొని తిరిగి, నేల సారాన్ని బట్టి తరగతులు ఏర్పరచేవారు. పిమ్మట గ్రామాల ముఖ్య రైతులను, కరణాలను ఒకచోట సమావేశపరచి, ఏ ఊరిపై భారం హెచ్చిందో, ఏ ఊరిపై తగ్గిందో విచారించి సరిదిద్దేవారు. పొరుగూరి నేల సంగతి ఎరిగిన రైతుల ఎదుట అబద్ధం చెల్లడం కష్టం. ఈ పద్ధతి బలమంతా అందులోనే ఉంది.

కాని రైతు మాట చెల్లింది పంపకంలోనే. మొత్తం రాబడిపై సర్కారు పెట్టుకున్న ఆశను తగ్గించే శక్తి ఆ మాటకు లేదు. పట్టా లేని కూలివానిని అడిగినవారే లేరు. శిస్తు అధికమని మన్రోకూ తెలుసు. 1807లో నూటికి 25 వంతులు, తోట భూములకు మరి 8 వంతులు తగ్గించాలని ఆయన సిఫారసు చేశాడు. ప్రభుత్వం దానిని త్రోసిపుచ్చి, ఆయన వెళ్ళిన తరువాత గ్రామాలను మొదట మూడేండ్లకు, తరువాత పదేండ్లకు గుత్తకిచ్చింది. ఊరి రైతుకు, సర్కారుకు నడుమ గుత్తదారు నిలిచాడు. గుత్తదారులు పలువురు చితికిపోయారు, రైతులూ నలిగారు. ఒక నివేదికను ప్రక్కన పెట్టినందుకు పండ్రెండేండ్లకు పైగా మూల్యం చెల్లించినది ఈ సీమ ప్రజలు.

1820లో మన్రో మద్రాసు గవర్నరై తిరిగి వచ్చి, రైత్వారీ విధానాన్ని పునరుద్ధరించి, తాను కోరిన తగ్గింపును అమలు జరిపాడు. అటుపిమ్మట కూడ శిస్తు వసూలు సౌమ్యంగా సాగలేదు. అందుకోసం జరిగిన చిత్రహింసలపై 1855లో విచారణ సంఘమే నివేదిక సమర్పించవలసి వచ్చింది. అయినా సీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

పదవీ విరమణకు ముందు ఈ మండలాలను కడసారి చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించాడు. గుత్తిలో ఖననం చేసిన దేహాన్ని 1831లో మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం చెట్ల తోపు నాటించి, ఒక బావి త్రవ్వించింది.