ఊపిరిని కనిపెట్టి చూచిన వైద్యుడు: సర్జన్ ఎడ్వర్డ్ లారీ

హైదరాబాదు పాతబస్తీనుండి మూసీనదిపై వంతెన దాటినంతనే అఫ్జల్‌గంజ్ వచ్చును. ఉస్మానియా ఆసుపత్రి భవనము నిలిచియున్న ఆ ప్రాంతమున పూర్వము అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి యుండెను. 1908వ సంవత్సరపు వరదలో అది కూలిపోయినది. ఆ ఆసుపత్రిలో పనిచేసి, హైదరాబాదు పేరును దేశదేశముల వైద్యులకు తెలియజేసిన సర్జన్ ఎడ్వర్డ్ లారీ గారి జీవితము విద్యార్థులు తెలిసికొనదగినది.

లారీగారు స్కాట్లండు దేశమందలి ఎడింబరోలో ప్రసిద్ధ శస్త్రవైద్యుడైన జేమ్స్ సైమ్ గారి శిష్యులు. ఆ నగరముననే 1847లో సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారమును మత్తుమందుగా వాడుకలోనికి తెచ్చెను. అంతకు పూర్వము రోగిని నలుగురు గట్టిగా పట్టుకొనగా కోత కోయుచుండిరి. అట్టి బాధ తొలగినందుకు లోకము సంతోషించెను. కాని మరుసటి సంవత్సరమే ఇంగ్లండులో హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక, కాలి గోటికై చేయబోయిన చిన్న చికిత్సలో, ఈ మందు పీల్చి మరణించినది. గుండె ముందు ఆగునా, ఊపిరి ముందు ఆగునా? వైద్యుడు నాడిని చూడవలెనా, శ్వాసను చూడవలెనా? ఈ ప్రశ్నపై ఎందరి ప్రాణములో ఆధారపడియుండెను.

శ్వాసనే చూడవలెనని సైమ్‌గారు బోధించిరి. శిష్యుడు ఆ బోధను జీవితాంతము విడువలేదు. లాహోరులో శస్త్రవిద్య బోధించిన పిమ్మట, 1885లో లారీగారు రెసిడెన్సీ సర్జనుగా హైదరాబాదునకు వచ్చి, ఇచ్చటి వైద్య పాఠశాల భారము గూడ వహించిరి. మత్తు ఇచ్చువాడు రోగి ఊపిరినుండి దృష్టి మరల్చరాదనియు, అది తడబడిన క్షణముననే మందు గుడ్డను తీసివేయవలెననియు వారు శిష్యులకు నేర్పిరి. ఈ పద్ధతిని వేలకొలది రోగులకు మత్తు ఇచ్చుటలో పాటించిరి.

ఇంగ్లండు వైద్యులు పలువురు దీనిని నమ్మలేదు. అందుచే ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ గారి ఆదరణతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమిషను పరీక్షలు జరిపెను. లండనులోని లాన్సెట్ పత్రిక తృప్తి చెందలేదు. అప్పుడు నిజాము ప్రభుత్వము వేయి పౌనులిచ్చి, ఆ పత్రిక ఎన్నుకొన్న లాడర్ బ్రంటన్ అను పండితుని 1889లో రప్పించెను. నాలుగువందలకు పైగా జంతువులు ఈ పరీక్షలకు బలియైనవి. గుండెకు అపాయము కలుగునను తలంపుతో వచ్చిన బ్రంటన్‌గారు, ఊపిరియే ముందు ఆగునని ఒప్పుకొనిరి.

లారీగారి శిష్యురాలైన రూపాబాయి ఫర్దూన్‌జీ అను పారసీ యువతి క్లోరోఫారము ఇచ్చుటలో నేర్పరియై, మత్తువైద్యమున ప్రపంచములోని మొదటి స్త్రీలలో ఒకరుగా పేరొందినది. స్త్రీలు చదువుటయే అరుదైన ఆ దినములలో ఇది చిన్న విషయము కాదు.

ఊపిరికి ఇంత ప్రాధాన్యమేల? మన మెదడు శరీరపు బరువులో నూటికి రెండు వంతులే యైనను, విశ్రాంతిగా నున్నప్పుడు మనము వాడుకొను ప్రాణవాయువులో సుమారు ఐదవ వంతు దానికే కావలెను. మెదడు కణములు ఒకదానితో నొకటి కొన్ని రసాయనముల మూలముగా సంభాషించుకొనును. వానిలో డోపమిన్, సెరటోనిన్ అనువాని తయారీకి ప్రాణవాయువు గూడ అవసరము. దాని కొరత స్వల్పమైనను ఈ తయారీ తగ్గును. కొరత హెచ్చినచో కణములకు శక్తియే కరవగును. మెదడునకు రక్తము పూర్తిగా నిలిచినచో కొన్ని సెకండ్లలో స్మృతి తప్పును. కొన్ని నిమిషములలో తీరని హాని కలుగును. ఈ రసాయనముల సంగతి లారీగారి కాలమున ఎవరికిని తెలియదు. అయినను ఊపిరిని కాపాడుటచే వారు మెదడునే కాపాడిరి.

కాని వారి సిద్ధాంతము సగమే సత్యము. తేలికగా మత్తు ఇచ్చినప్పుడు ఊపిరి ఆగకమునుపే గుండె అదరి, హఠాత్తుగా నిలిచిపోవచ్చునని లీవీ అను పరిశోధకుడు 1911లో నిరూపించెను. గుండెకు అపాయమే లేదన్న లారీగారి మాట నిలువలేదు. తాము కన్న సత్యముపై ప్రేమచే, ఇతరులు కన్న సత్యమును వారు చూడలేకపోయిరి.

లారీగారు 1915లో మరణించిరి. మత్తు ఇచ్చుటకు క్లోరోఫారము వాడుక నేడు లేదు. ఇప్పుడు శస్త్రచికిత్సశాలలో రోగి వ్రేలికి తగిలించు చిన్న యంత్రము రక్తములోని ప్రాణవాయువును, నాడిని ఒక్కమారే చూపును. ఒకరితో నొకరు వాదించిన రెండు పక్షములును అందులో కలిసియున్నవి. బాలబాలికలారా, లారీగారి శ్రద్ధను మనము నేర్చుకొందము. దానితోపాటు ఎదుటివాని మాటను గూడ పరీక్షించి చూచు వినయమును అలవరచుకొందము.