పుర్రచేతి గిటారు

నేను పుర్రచేతివాణ్ణి. చిన్నప్పుడు పలక మీద ఎడమచేత్తో అక్షరాలు దిద్దినందుకు బడిలో బెత్తం దెబ్బలు తిన్నాను. చివరికి కుడిచేత్తో రాయడం నేర్చుకున్నాను గాని, నా దస్తూరీ ఇప్పటికీ వంకరే. అందుకేనేమో, హాస్టల్లో ఒక మిత్రుడు ఆల్బర్ట్ కింగ్ పాట వినిపించి, ఇతనూ నీ బాపతేనని చెప్పేసరికి చెవులు రిక్కించాను.

అసలు పేరు ఆల్బర్ట్ నెల్సన్. 1923లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పుట్టిన నల్లజాతి బిడ్డ. ఆర్కన్సా పత్తిచేలల్లో పని చేస్తూ పెరిగాడు. పెద్దయ్యాక బుల్‌డోజరు నడిపాడు. మనిషి ఆరడుగుల పైమాటే. గిటారు తనంతట తానే నేర్చుకున్నాడు. కుడిచేతివాళ్ల గిటారునే తిరగేసి పట్టుకున్నాడు గాని తీగెల వరస మార్చలేదు. దాంతో లావుతీగెలు కిందికీ, సన్నతీగెలు పైకీ వచ్చాయి. అందరూ సన్నతీగెను పైకి నెట్టి స్వరాన్ని వంచుతారు. ఇతను కిందికి లాగేవాడు. మీటడానికి బొటనవేలు చాలు. ఆ లాగుడుకి గిటారు మనిషి గొంతులా మూలిగేది. ఇతరులు పది స్వరాలు గుప్పించే చోట ఇతను రెండు పలికించి ఊరుకునేవాడు.

పేరు రావడానికి నలభయ్యేళ్లు దాటాయి. 1966లో మెంఫిస్ నగరంలోని స్టాక్స్ రికార్డు కంపెనీలో చేరాడు. అక్కడి బుకర్ టి. అండ్ ది ఎం.జీ.స్ బృందంలో ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. జాతిభేదం పాతుకుపోయిన ఆ ఊళ్లో అదే పెద్ద విశేషం. వాళ్ల సోల్ తాళం, మెంఫిస్ హార్న్స్ వారి బాకాలు, ఇతని బ్లూస్ గిటారు కలిసి 1967లో 'బార్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్' అనే ఎల్.పి. రికార్డు అయింది. మొత్తం 11 పాటలు. చెడు రాశిలో పుట్టానని ఆ పేరుకు అర్థం. ఆ పేరుగల పాటను విలియం బెల్, బుకర్ టి. జోన్స్ కూర్చారు. విచిత్రమేమంటే, ఆ చెడు రాశే ఇతనికి కలిసొచ్చింది. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫిల్మోర్ హాల్లో తెల్ల కుర్రకారు ఇతని కచేరీలకు వచ్చారు. అదే ఏడు ఇంగ్లండులోని క్రీమ్ బృందం పాడిన ఆ పాట రికార్డుగా వెలువడింది. ఎరిక్ క్లాప్టన్, తర్వాత స్టీవీ రే వాన్ వంటి కుడిచేతి వాద్యగాళ్లు ఈ పుర్రచేతి మూలుగు కోసం అవస్థపడ్డారు!

1992 డిసెంబరు 21న మెంఫిస్‌లో గుండెపోటుతో పోయాడు. చివరిదాకా కచేరీలు మానలేదు.

మొన్న సెలవులకి ఇంటికెళితే మా అక్క కొడుకు ఎడమచేత్తో బలపం పట్టుకున్నాడు. అమ్మ చెయ్యి మార్చబోయింది. నేను అడ్డుపడ్డాను. వాడు 'అ' దిద్దాడు. కొంచెం వంకరగానే వచ్చింది. మా అమ్మ నా మొహం చూసింది గాని, ఈసారి ఏమీ అనలేదు.