గండికోట నవాబు మూసేసిన గని

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలోని మన కుటుంబాలకు గండికోట కొత్త కాదు. సెలవు రోజున పిల్లలతో వెళ్ళి జామా మసీదు, ధాన్యాగారం, పెన్నా లోయ చూసి వస్తాం. ఆ కోటను 1650లో గోల్కొండ పక్షాన గెలిచిన మీర్ జుమ్లా అసలు ఒక వర్తకుడన్న సంగతి మాత్రం పిల్లలకు చెప్పం.

ఆయన పేరు ముహమ్మద్ సయ్యిద్. ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో ఒక నూనె వర్తకుని ఇంట పుట్టారు. పేదరికం వల్ల వజ్రాల వర్తకుని వద్ద పనికి కుదిరి, రాయి చూసి వెల కట్టడం నేర్చుకుని గోల్కొండ చేరారు. గనులు గుత్తకు తీసుకున్నారు, ఓడలు నడిపారు. చివరికి అబ్దుల్లా కుతుబ్ షా వద్ద మీర్ జుమ్లా పదవి పొందారు.

1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు గండికోటకు వచ్చి ఆయనను కలిశాడు. నవాబు ఉత్తరాలను కాలివేళ్ళ మధ్య, ఎడమచేతి వేళ్ళ మధ్య ఇరికించుకుని ఒక్కొక్కటే తీస్తూ జవాబులు రాయించేవారట! ఒక రోజు ఆయన అయిదు చిన్న సంచుల వజ్రాలు చూపి, ఇవి ఐరోపాలో అమ్ముడవుతాయా అని అడిగారు. రాళ్ళు చిన్నవి, రంగు నలుపు తిరిగినది. ఇలాంటివాటికి అక్కడ విలువ లేదని టావెర్నియే చెప్పాడు.

అప్పుడు నవాబు అసలు సంగతి చెప్పారు. ఈ సీమను జయించాలని తలచినప్పుడే ఇక్కడ వజ్రాల గని ఉందని ఆయనకు చెప్పారట. 12,000 మందిని పెట్టి ఏడాదిపాటు తవ్విస్తే దొరికింది ఆ అయిదు సంచులే. రంగు చూడగానే ఇది వృథాశ్రమ అని తేల్చి, తవ్వకం ఆపించి, అందరినీ తిరిగి సేద్యానికి పంపేశారు.

ఆలోచించండి. అంత ఖర్చయ్యాక ఇంకో ఏడాది చూద్దామనే అంటాం మనం. ఆయన అనలేదు. గని మూసిన తర్వాత కూడా తన లెక్క సరైనదేనా అని బయటి దేశపు వర్తకుణ్ణి అడిగి చూశారు. మన ఇళ్ళల్లోనూ కొత్త వ్యాపారానికి ముందు మష్వరా చేస్తాం, ఇస్తిఖారా చేస్తాం, మంచిదే. కాని ఎవరితో మష్వరా? సరుకు కొనేవాణ్ణి అడగం, బావమరిదిని అడుగుతాం! ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళ కళకళ చూసి, అరువుల సంగతి, పోటీ సంగతి విచారించకుండానే పొలం అమ్మేస్తాం. మీర్ జుమ్లా అడిగినవి రెండే: ఏం దొరుకుతోంది, దాన్ని కొనేవాడున్నాడా?

ఆయన జీవితమంతా ఆదర్శమని మేము అనటం లేదు. ఏలికతో చెడి 1656లో మొగలుల కొలువులో చేరారు. ఆయన యుద్ధాల్లో నలిగిన ప్రజలూ తక్కువ కాదు. బెంగాలు సుబేదారుగా 1662లో అస్సాం మీదికి వెళ్ళి రాజధాని గఢ్‌గావ్‌ను పట్టుకున్నారు. ఇక్కడ మాత్రం ఆ పాత లెక్క తప్పింది. వానలు దారులు మూసేశాయి, సైన్యం ఆకలితో, రోగాలతో కృశించింది. సంధి చేసుకుని తిరిగివస్తూ, జబ్బుపడి, 1663లో ఢాకా చేరకముందే దారిలో కన్నుమూశారు.