ఇల్లు దొరికింది... తోబుట్టువు దూరమైంది

మా అమ్మకి తొమ్మిదేళ్ళప్పుడు అమ్మమ్మ పోయింది. నాలుగేళ్ళ చెల్లెల్ని పిల్లల్లేని దూరపు బంధువులు పెంచుకుంటామని తీసుకెళ్ళారు. మంచివాళ్ళే. పిల్లకి ఏ లోటూ రానివ్వలేదు. చదివించారు, ఘనంగా పెళ్ళి చేశారు. కాకపోతే రైల్వే ఉద్యోగం కదా, బదిలీల మీద బదిలీలు! ఉత్తరాలు తగ్గి తగ్గి చివరికి ఆగిపోయాయి. అమ్మ మళ్ళీ తన చెల్లెల్ని చూసింది 31 ఏళ్ళ తర్వాత, ఎవరిదో పెళ్ళిలో. ఒకే పంక్తిలో పక్కపక్కన కూర్చుని భోంచేశారు, ఒకరికొకరు తెలియకుండానే! చేతులు కడుక్కునే చోట ఎవరో పుట్టింటి మాట ఎత్తితే సంగతి బయటపడింది. ఆ రోజు వాళ్ళిద్దరూ ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తు.

అంచేతనేమో, రెండేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు చూసిన ఒక మ్యూజియం నా మనసులోంచి పోవడం లేదు. కాన్సాస్ రాష్ట్రంలో కంకార్డియా అనే చిన్న ఊరు. అక్కడి పాత రైల్వే స్టేషన్నే మ్యూజియంగా మార్చారు. ఊళ్ళో అక్కడక్కడా పిల్లల విగ్రహాలు. ఒకప్పుడు తూర్పు తీరం నుంచి రైళ్ళలో తీసుకొచ్చి ఊరూరా ఇళ్ళకి ఇచ్చేసిన పిల్లల గుర్తుగా పెట్టినవి అవి. ఆ రైళ్ళ వెనకున్న పెద్దమనిషి ఛార్లెస్ లోరింగ్ బ్రేస్. కన్నవాళ్ళు సాకలేని పిల్లల్ని వేరే కుటుంబంలో ఉంచి పెంచడాన్ని ఫాస్టర్ కేర్ అంటారు. అమెరికాలో ఆ పద్ధతికి దారి వేసిన వాళ్ళలో ఆయన్నే ముందు చెప్పుకుంటారు. ఆయన గురించి చదివాక మెచ్చుకోవాలో, కోప్పడాలో నాకు తెలీలేదు.

చెల్లెలు పోయిన అన్న

బ్రేస్ 1826 జూన్ 19న కనెక్టికట్ రాష్ట్రంలోని లిచ్‌ఫీల్డ్‌లో పుట్టాడు. తండ్రి పంతులుగారు. ఆడపిల్లల బళ్ళో చదువు చెప్పేవాడు. ఆడపిల్లలకి చదువెందుకనే రోజుల్లో అది చిన్న విషయం కాదు. బ్రేస్‌కి పద్నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. తల్లి లేని ఇంట్లో తోబుట్టువులు ఒకరికొకరు ఎంత దగ్గరవుతారో వేరే చెప్పక్కర్లేదు. ఎమ్మా అనే సోదరి అంటే ఆయనకి ప్రాణం. యేల్‌లో చదువుకుని 1846లో పట్టా పుచ్చుకున్నాడు. తర్వాత మతబోధకుడు కావాలని చదువు సాగించాడు. 1850లో ఎమ్మా చనిపోయింది. తర్వాతి కాలంలో ఆయన కూతురి పేరు కూడా ఎమ్మానే.

ఆ ఏడాదే స్నేహితుడు ఫ్రెడరిక్ ఓమ్‌స్టెడ్‌తో కలిసి యూరప్ బయల్దేరాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కుకి తర్వాత రూపమిచ్చింది ఈ ఓమ్‌స్టెడ్డే. 1851లో హంగరీలో తిరుగుతుంటే విప్లవకారుడేమోనన్న అనుమానంతో బ్రేస్‌ని జైల్లో పెట్టారు. జైలుగోడల మధ్య మనిషి ఎలా కుంగిపోతాడో స్వయంగా చూశాడు. జర్మనీలో మాత్రం ఇళ్ళలోని ఆప్యాయత ఆయన్ని కట్టిపడేసింది. దాని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పెద్ద భవనంలో వందమందిని కుక్కి పెంచడం కన్నా, ఒక్క పొయ్యి చుట్టూ నలుగురు కూర్చునే ఇల్లే మనిషిని బాగుచేస్తుందన్న నమ్మకం ఆయనలో గట్టిపడింది.

వీధుల్లో బాల్యం

ఆనాటి న్యూయార్క్ అంటే మనకి సినిమాల్లో కనిపించే న్యూయార్క్ కాదు. కరువుతో ఐర్లండ్ నుంచి, గొడవలతో జర్మనీ నుంచి ఓడలకి ఓడలు జనం దిగుతున్న కాలం. ఇరుకు గదులు, రోగాలు, తాగుడు. తండ్రి పోతే తల్లికి దిక్కులేదు. తల్లి పోతే పిల్లలు వీధిపాలే. పేపర్లు, అగ్గిపెట్టెలు అమ్ముకుంటూ, గుడ్డపీలికలు ఏరుకుంటూ, రాత్రయితే మెట్ల కింద, చెక్కపెట్టెల్లో పడుకునేవారు. చిన్న తప్పు చేసి దొరికితే పెద్ద నేరస్థులతో పాటే జైలు.

1853లో బ్రేస్ కొందరు పెద్దలతో కలిసి చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ స్థాపించాడు. అప్పటికాయన వయసు 26. మరుసటి ఏడాది పేపర్లమ్మే కుర్రాళ్ళకోసం ఒక వసతిగృహం తెరిచాడు. పక్కకి ఆరు సెంట్లు వసూలు చేసేవారు. ఊరికే ఇస్తే బిచ్చం అవుతుంది, డబ్బు పెట్టి పడుకుంటే పిల్లాడికి తలెత్తుకోవడం తెలుస్తుందన్నది ఆయన ఆలోచన. ఆడపిల్లలకి కుట్టుపని నేర్పే బళ్ళు పెట్టించాడు. 1854లోనే బెల్‌ఫాస్ట్‌కి చెందిన లెటీషియా నీల్‌ని పెళ్ళి చేసుకున్నాడు.

ఇంతవరకూ చదివి నేను మనసులోనే ఆయనకి దణ్ణం పెట్టుకున్నాను.

స్టేషన్లో దిగిన పిల్లలు

1854 సెప్టెంబరులో సుమారు 45 మంది పిల్లలు న్యూయార్క్ నుంచి బయల్దేరి, మిషిగన్ రాష్ట్రంలోని డొవాజియాక్ అనే ఊరికి చేరారు. పడమటి వైపు పొలాలున్నాయి, పనివాళ్ళు లేరు. ఇక్కడేమో పిల్లలున్నారు, ఇళ్ళు లేవు. రెంటినీ కలిపితే సరి అనుకున్నాడు బ్రేస్. పిల్లాడికి తిండి, బట్ట, చదువు పెట్టాలి. పిల్లాడు ఇంటి పనుల్లో చెయ్యి కలపాలి. రాసిచ్చిన బానిసత్వం కాదు, నచ్చకపోతే ఎవరైనా వద్దనుకోవచ్చు. చెప్పుకోడానికి ఎంత బావుందో!

జరిగిందేమిటంటే, రైలు వస్తోందని ముందే ఊళ్ళో కాగితాలు అంటించేవారు. పిల్లల్ని చర్చిలోనో, నాటకాలాడే హాల్లోనో వేదిక మీద నిలబెట్టేవారు. వచ్చినవాళ్ళు చూసి ఎంచుకునేవారు. మన పశువుల సంతలో ఎడ్ల పళ్ళు పట్టి చూస్తారే, అలా కొందరు పిల్లల కండలు, పళ్ళు చూసేవారట. రైతుకి ఒక్క చెయ్యి చాలు. పన్నెండేళ్ళ అక్క ఒకరికి నచ్చేది, మూడేళ్ళ తమ్ముడు ఇంకొకరికి ముద్దొచ్చేవాడు. మిగిలినవాళ్ళు మళ్ళీ రైలెక్కి పక్క ఊరికి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఇలా వేర్వేరు ఇళ్ళకి వెళ్ళిపోయిన సందర్భాలు కోకొల్లలు. కొందరికి ఇంటిపేరు మారిపోయింది. పాత సంగతులు మరిచిపొమ్మని చెప్పేవారు. పాత బంధాలు పిల్లల్ని మళ్ళీ వీధిలోకి లాగుతాయన్న భయం.

ఇంకో సంగతి చెబితే మీ కడుపు తరుక్కుపోతుంది. వీళ్ళందరూ అనాథలు కారు. చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. ఒంటరి తల్లి, చేతిలో కాసు లేక, ఇక్కడైతే రెండు పూటలా తింటారని తెచ్చి అప్పగించిన పిల్లలు కూడా ఆ రైళ్ళలో ఉన్నారు.

మంచి జరగలేదని కాదు. 1859లో ఒకే రైల్లో ఇండియానా వెళ్ళిన ఇద్దరు కుర్రాళ్ళు పెద్దయ్యాక గవర్నర్లయ్యారు. ఆండ్రూ బర్క్ నార్త్ డకోటాకి, జాన్ బ్రేడీ అలాస్కాకి. కన్నబిడ్డల్లా సాకిన ఇళ్ళు ఎన్నో. గొడ్డుచాకిరీ చేయించిన ఇళ్ళూ ఉన్నాయి. కాథలిక్ పిల్లల్ని ప్రొటెస్టెంట్ ఇళ్ళకి చేరవేస్తున్నాడని బ్రేస్ బతికుండగానే విమర్శలొచ్చాయి. ఆయన వెనక్కి తగ్గలేదు. 1890 ఆగస్టు 11న స్విట్జర్లండ్‌లో కన్నుమూశాడు. ఆయన తర్వాత కొడుకు సంస్థని నడిపాడు. 1929 దాకా సాగిన ఈ రైళ్ళలో, అన్ని సంస్థలూ కలిపి, సుమారు 2 లక్షల మంది పిల్లలు వెళ్ళారని అంచనా.

వెతుక్కున్నవాళ్ళు

పేదరికం ఒక్కటే కారణంగా పిల్లల్ని ఇంటికి దూరం చెయ్యకూడదని 1909లో వైట్‌హౌస్‌లో జరిగిన సదస్సు చెప్పింది. 1911లో ఇలినాయ్ రాష్ట్రం, పిల్లల్ని ఇంట్లోనే పెంచుకునే పేద తల్లులకి డబ్బిచ్చే చట్టం తెచ్చింది. ఆ పని ముందే జరిగుంటే ఎన్ని రైళ్ళు ఖాళీగా వెళ్ళేవో!

విడిపోయిన పిల్లలు మాత్రం ముసలివాళ్ళయ్యేదాకా వెతుక్కుంటూనే ఉన్నారు. 1980లలో వాళ్ళకోసం ఒక సంఘం ఏర్పడింది. పాత రికార్డులు తీసి, తోబుట్టువుల ఆచూకీ పట్టుకోవడానికి సాయపడింది. ఫాస్టర్ ఇళ్ళలో వేర్వేరుగా పెరుగుతున్న తోబుట్టువుల్ని వేసవి శిబిరాల్లో కలపడానికి 1995లో లిన్ ప్రైస్ క్యాంప్ టు బిలాంగ్ అనే సంస్థ మొదలుపెట్టింది. తోబుట్టువుకి దూరంగా పెరిగిన బాధ ఆమెకి స్వానుభవం. 2008లో అమెరికా చట్టమే చెప్పింది, తోబుట్టువుల్ని ఒకచోట ఉంచడానికి తగిన ప్రయత్నం చెయ్యాలని. మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ కూడా ఇదే అంటుంది. పిల్లల మేలుకి అడ్డయితే తప్ప, ఫాస్టర్ కుటుంబంలో తోబుట్టువుల్ని కలిపే ఉంచాలి.

సోదరిని పోగొట్టుకున్న మనిషికి ఈ సంగతి ఎందుకు తట్టలేదు? నేను చాలా ఆలోచించాను. చెడ్డవాడు కాదు కాబట్టే తట్టలేదేమో అనిపిస్తుంది. ఆకలి కనబడుతుంది, చలి కనబడుతుంది. అక్క చెయ్యి వదిలిన తమ్ముడి గుండె మాత్రం పైకి కనబడదు. మంచి చేస్తున్నామన్న ధీమాలో దాన్ని చూసే తీరిక ఉండదు. పిన్నిని తీసుకెళ్ళినవాళ్ళూ అంతే కదా!

మన ఇళ్ళల్లో ఇప్పటికీ పిల్లల్ని అక్కకో, ఆడపడుచుకో, దూరపు చుట్టాలకో ఇస్తూనే ఉంటాం. ఇవ్వాల్సి వస్తే ఇద్దాం. కానీ ఆ పిల్ల చేతిలో తోబుట్టువుల ఫొటో ఒకటి పెడదాం. అడ్రసు, ఫోను నెంబరు రాసిద్దాం. వేసవి సెలవుల్లో పదిరోజులైనా ఒక్క కంచం దగ్గర కూర్చోబెడదాం.

పెళ్ళిలో కలిశాక పిన్ని ఏటా సంక్రాంతికి మా ఇంటికొచ్చేది. ఇద్దరూ ఒకే చాప మీద పడుకుని తెల్లవార్లూ మాట్లాడుకునేవారు. 31 ఏళ్ళ కబుర్లు. అమ్మ పోయేనాటికి కూడా అవి పూర్తి కాలేదు.