అడవిపై హక్కు, అడవికి కాపలా: మన కుమ్రం భీం

కుమ్రం భీం 1901లో ఆసిఫాబాద్ దగ్గరి సంకెపల్లిలో గోండు కుటుంబంలో జన్మించారు. నిజాం పాలనలో అడవిని రిజర్వు చేసి మన గూడేలను ఖాళీ చేయించారు. పశువుల మేతకూ, వంటచెరకుకూ పన్ను కట్టమన్నారు. కొంతకాలం అస్సాం తేయాకు తోటల్లో పనిచేసి తిరిగొచ్చిన భీం, జోడేఘాట్, బాబేఝరి పరిసరాల్లోని 12 గూడేలను ఏకం చేశారు. నీరు, అడవి, భూమిపై హక్కు కోసం పోరాడి, 1940లో జోడేఘాట్ గుట్టల్లో పోలీసు కాల్పుల్లో అమరులయ్యారు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపి మన కష్టాలు తెలుసుకుంది.

అడవిలో బతికేవాళ్లను అడవి దొంగలుగా చూడవద్దన్నదే భీం పోరాట సారం. 2006 అటవీ హక్కుల చట్టం ఆ మాటకు బలమిచ్చింది. అడవినీ, వన్యప్రాణులనూ, జీవవైవిధ్యాన్నీ కాపాడే అధికారం గ్రామసభకు దక్కింది. బెజ్జూర్ అడవుల్లో పాలరాపు గుట్టపై రాబందులు గూళ్లు కట్టినప్పుడు అటవీ శాఖతో పాటు కాపలా కాసింది మన స్థానిక యువకులే.

ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో నివాళులర్పిస్తున్నాం. ఈ ఏడు ప్రతి గూడెంలో గ్రామసభ పెట్టి, అడవి రక్షణ కమిటీ కూడా వేసుకుందాం. హక్కు ఆయన ప్రాణంతో వచ్చింది. కాపలా మన వంతు.

భీంకు జోహార్లు.