జేమ్స్ వెల్డన్ జాన్సన్

అమెరికాలో 1865లో బానిసత్వము చట్టరీత్యా అంతరించినను నల్లజాతివారికి సమానత్వము లభింపలేదు. ఆ దినములలో, 1871లో, ఫ్లారిడా రాష్ట్రమందలి జాక్సన్‌విల్ నగరమున జాన్సన్ జన్మించెను. తల్లి ఉపాధ్యాయురాలు. ఆమె బోధించిన స్టాంటన్ పాఠశాలలోనే అతడు చదివి, పిదప అచ్చటనే ప్రధానోపాధ్యాయుడయ్యెను.

1900 ఫిబ్రవరి 12న జరుగవలసిన లింకను జయంతి ఉత్సవమునకై జాన్సన్ ఒక గీతము వ్రాసెను. తమ్ముడు రోజమండ్ దానికి స్వరము కూర్చెను. 500 మంది బాలబాలికలు ఏకకంఠముతో పాడిరి. తరువాత సోదరులు న్యూయార్కు చేరి ఆ పాటను దాదాపు మరచిరి. పిల్లలు మరువలేదు. పెరిగి పెద్దవారై ఇతరులకు నేర్పిరి. ఇరువది ఏండ్లలో అది దక్షిణ రాష్ట్రములందు వ్యాపించెను.

జాన్సన్ 1920లో నల్లజాతి హక్కులకై పాటుపడు జాతీయ సంఘమునకు కార్యదర్శి అయ్యెను. విచారణ లేకయే మనుష్యులను మూకలు చంపు ఘోరమును మాన్పు శాసనమునకై మిక్కిలి శ్రమించెను. 1922లో దిగువసభ దానిని అంగీకరించెను. సెనేటు సభలో అది నెగ్గలేదు. కవిత్వసంపద గల జాతిని లోకము హీనముగా చూడజాలదని నమ్మి, ఆ యేటనే నల్లజాతి కవుల రచనలను సంకలనముగా ప్రకటించెను.

1938లో ఒక ప్రమాదమున జాన్సన్ మరణించెను. అతడు కోరిన శాసనము 2022లో గాని రాలేదు. పిల్లలు నిలిపిన పాట మాత్రము నేటికిని సభలలో వినబడుచున్నది.